వెండితెర మీద వంటిల్లు

"ఒక్కో వారం ఒక్కో సినిమా గురించి పేజీ నిండా రాస్తున్నారు. మాకంత తీరికెక్కడిదండీ? నాలుగైదు సినిమాలు కలిపి తలా నాలుగు ముక్కలు రాయకూడదా?" అని పాలకొల్లు నుంచి ఒక సోదరి ఉత్తరం రాసింది. అడిగినదాంట్లో న్యాయం ఉంది. పొయ్యి మీద పప్పు పెట్టుకుని పత్రిక తిరగేసేవాళ్ళమే కదా మనమంతా. అందుకని ఈ వారం పాతవీ కొత్తవీ, దేవుళ్ళవీ దెయ్యాలవీ కలగలిపి వడ్డిస్తున్నాను.

ముందే ఒక మాట. నేను ఇంటర్మీడియెట్‌తో చదువు ఆపేసి అత్తారింటికి వచ్చినదాన్ని. కెమెరా ఏ మూల పెట్టారు, స్క్రీన్‌ప్లే ఎలా నడిచింది అంటూ రాయడం నాకు చేతకాదు. అవి రాసేవాళ్ళు వేరే ఉన్నారు. నేను సినిమా చూస్తూ చూసేది ఒకటే. ఆ ఇంట్లో అన్నం ఎవరు వండారు, ఎవరు ముందు తిన్నారు, ఆ గిన్నెలు ఎవరు తోమారు? నవ్వకండి. మీరూ ఈసారి ఏ సినిమాకైనా ఈ ప్రశ్నలు వేసి చూడండి, దాని బండారం చాలామటుకు బయటపడిపోతుంది.

"మాయాబజార్"తోనే మొదలెడతాను, మంచి పని ఏదైనా విఘ్నేశ్వరుడితో మొదలెట్టినట్టు. 1957లో వచ్చిన సినిమా. నేను పుట్టడానికి ఇరవై ఏళ్ళ పైచిలుకు ముందుది. అయినా మా ఇంట్లో ఏ పండక్కి టీవీలో వేసినా ఇవాళ్టికీ అందరం కూర్చుంటాం. 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. అదీ చూశాను, బాగానే ఉంది గానీ మార్కస్ బార్ట్లే గారు తీసిన ఆ నలుపు తెలుపు వెన్నెలే నాకిష్టం. అందరూ ఎస్వీ రంగారావు గారి భోజనం సీను తలుచుకుంటారు. నాకైతే మగపెళ్ళివారు గోంగూర ఏదీ అని అడిగేచోట నవ్వాగదు. ఎన్ని రకాలు వండి వార్చినా లేనిదాన్నే వెతకడం మగపెళ్ళివారికి ద్వాపరయుగం నుంచీ ఉన్న అలవాటన్నమాట. ఆ విందంతా మాయతో తయారైంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎంతమంది నడుములు పడిపోయేవో! ఇక సావిత్రి గారి గురించి చెప్పేదేముంది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ నడక, చూపు, నవ్వు ఎలా మారిపోతాయో మా అమ్మాయికి ఆపి ఆపి చూపించాను. "మేకప్ ఏమీ మార్చలేదా అమ్మా?" అంది. అదే మరి నటనంటే.

ఇప్పుడు మా పక్క ఊరి సినిమా. "సాక్షి" అని 1967లో వచ్చింది. బాపు గారి మొదటి సినిమా, రాసింది ముళ్ళపూడి వెంకటరమణ గారు. ఒకరిది నరసాపురం, ఒకరిది ధవళేశ్వరం. సినిమా తీసింది మా ఆత్రేయపురం మండలంలోని పులిదిండిలో. సెట్టింగులు లేవు, ఊరు ఊరంతా నటించింది. బల్లకట్టు నడుపుకునే ఒక అమాయకుడు హత్య చూసి కోర్టులో సాక్ష్యం చెప్తాడు. ఆ హంతకుడు తప్పించుకుని ఊళ్ళోకొచ్చేసరికి ఒక్కడూ వీడికి తలుపు తియ్యడు. నిజం చెప్పమని ఎగేసినవాళ్ళే గడియ పెట్టుకుంటారు. హీరో కృష్ణ గారు, హీరోయిన్ విజయనిర్మల గారు. ఆ అమ్మాయి ఆ హంతకుడికి సొంత చెల్లెలు! అయినా ఇతని పక్కన నిలబడుతుంది. ఊళ్ళో మగాళ్ళందరికీ లేని ధైర్యం ఆ ఒక్క పిల్లకి ఉంటుంది. ఆవిడే తరవాత యద్దనపూడి సులోచనారాణి గారి నవలతో "మీనా" తీశారు. మొత్తం 44 సినిమాలకి దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కారు. అటువైపు వెళ్ళినప్పుడల్లా, ఈ గట్టు మీదే కదా ఆవిడ పరికిణీ కట్టుకుని పరిగెత్తింది అనుకుంటాను. మావారు "ఆ గట్టు ఎప్పుడో రోడ్డయిపోయింది" అంటారు. అననివ్వండి.

అదే బాపు రమణల "ముత్యాలముగ్గు" (1975) కి మాత్రం నేను అందరిలా చేతులెత్తి దణ్ణం పెట్టలేను. రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు ఎంత బాగున్నాడో, ఇషాన్ ఆర్య గారి కెమెరాకి జాతీయ అవార్డు ఎందుకొచ్చిందో, అన్నీ ఒప్పుకుంటాను. కానీ పడగ్గదిలో ఎవడో కనపడ్డాడని కడుపుతో ఉన్న పెళ్ళాన్ని అనుమానించిన మొగుడు, చివర్లో ఎంత తేలిగ్గా గట్టెక్కేశాడో చూడండి. ఆవిడ పడ్డ కష్టానికి లెక్క ఎవరు చెప్పారు? రామాయణంలో సీతమ్మ భూమిలోకి వెళ్ళిపోయింది, కనీసం ఆవిడకి ఆ దారైనా ఉంది.

బాలచందర్ గారి "అంతులేని కథ" (1976) చూస్తే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. మన రాజమండ్రి అమ్మాయి జయప్రద. ఆ ఇంట్లో కంచాల ముందు కూర్చునేవాళ్ళు బోలెడుమంది, సంపాదించేది ఒక్కతి. తాగుబోతు అన్నగా రజనీకాంత్. పెళ్ళి కుదిరినట్టే కుదిరి జారిపోతుంది, చివరికి మళ్ళీ అదే ఆఫీసు దారి పడుతుంది. ఆ అమ్మాయి కోపిష్టి, మాట కరుకు. మనసులో ఎంత ప్రేమున్నా పైకి చూపించదు. ఇలాంటి ఆడమనిషిని హీరోయిన్‌గా పెట్టడానికి ధైర్యం కావాలి. మామూలుగా సినిమావాళ్ళకి త్యాగం చేసే ఆడది నవ్వుతూ త్యాగం చెయ్యాలి కదా!

జంధ్యాల గారి సినిమాలకి ఈ శాల్తీలు, తూనికలు పనికిరావు. నవ్వుకోవాలంతే. "శ్రీవారికి ప్రేమలేఖ" (1984) పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారంగా తీశారు. అందుకేనేమో అందులో ఆడవాళ్ళ మాటలు నిజంగా మన ఇళ్ళలో మాటల్లాగే ఉంటాయి. "అహ నా పెళ్ళంట" (1987)లో కోట శ్రీనివాసరావు గారు కోడిని పైన వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తినే సీను ఉంది చూశారూ, 2025లో ఆయన పోయారని తెలిసినప్పుడు మా వీధిలో అందరి నోటా అదే మాట. ఒక గమ్మత్తు చెప్పనా? ఆ పిసినారిని చూసి మగాళ్ళు నవ్వుతారు గానీ, నెలాఖరులో మనం చేసేదీ దాదాపు అదే. పావుకిలో రొయ్యల్ని ఆనపకాయలో వేసి ఆరుగురికి సరిపెట్టడం అంటే కోడిని చూస్తూ తినడం కాక ఏవిటి?

1993లో "మాతృదేవోభవ" వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. మా అమ్మ, పిన్ని, పక్కింటి మామ్మగారు, అందరం కలిసి మ్యాట్నీకి వెళ్ళాం. హాల్లో తెర మీద మాటల కంటే ముక్కులు చీదుకునే చప్పుడే ఎక్కువ వినపడింది. భర్తని పోగొట్టుకుని, తనకీ రోజులు దగ్గర పడ్డాయని తెలిసిన తల్లి, పిల్లల్ని తలో ఇంటికీ పెంపకానికి ఇస్తుంది. మాధవి ప్రాణం పెట్టి చేసింది. అందులో పాటకి వేటూరి గారికి జాతీయ అవార్డు వచ్చింది. మంచి సినిమానే, కాదనను. కానీ రెండోసారి చూడమంటే నా వల్ల కాదు. ఏడవడానికి డబ్బిచ్చి వెళ్ళే వయసు దాటిపోయింది.

దానికి సరిగ్గా ఎదురు "శుభలగ్నం" (1994). ఎస్వీ కృష్ణారెడ్డి గారిది. ఆమని, జగపతిబాబు, రోజా. డబ్బు మీద ఆశతో కట్టుకున్న మొగుణ్ణి కోటి రూపాయలకి ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తుంది. సినిమా ఎంత ఆడిందో మీకు తెలుసు, హిందీలో "జుదాయి" అని కూడా తీశారు. అప్పట్లో మా ఊళ్ళో అరుగుల మీద నెలరోజులు అదే చర్చ. "ఆడది ఇంత దిగజారుతుందా" అని మగాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. ఇప్పుడు నాకు పెళ్ళీడు కూతురుంది కాబట్టి ఆ సినిమా వేరేగా కనపడుతోంది. కట్నం పుచ్చుకుని ముహూర్తానికి ముందే అమ్ముడుపోయే పెళ్ళికొడుకులు ఇన్ని లక్షలమంది ఉంటే ఒక్కరూ బుగ్గలు నొక్కుకోలేదు. పెళ్ళయ్యాక, అదీ పెళ్ళాం అమ్మితేనా వింత? ఒక ఆమని మొగుణ్ణి అమ్మితే సినిమా అయింది, మన నాన్నలు మొగుళ్ళని కొంటే శుభలేఖ అయింది.

ఆ ఆమనే అంతకుముందు ఏడాది "మిస్టర్ పెళ్ళాం"లో ఎంత హుందాగా ఉందో! అదీ బాపు గారిదే, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. మొగుడి ఉద్యోగానికి ఎసరొచ్చాక పెళ్ళాం గడప దాటి సంపాదించడం, ఆయనగారికి అది మింగుడు పడకపోవడం. రాజేంద్రప్రసాద్ ఆ ఉక్రోషాన్ని ఎంత బాగా చేశాడంటే, మా ఇంట్లో ఒకాయన మధ్యలో లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. ఎవరని అడక్కండి.

"అరుంధతి" (2009) గురించి రెండే ముక్కలు. దెయ్యం సినిమాల్లో ఆడదే దెయ్యమవుతుంది, మంత్రగాడొచ్చి సీసాలో పెడతాడు. ఇందులో దెయ్యం మగాడు, వాణ్ణి వదిలించేది ఆడది. అందుకు కోడి రామకృష్ణ గారికి వేలకోట్ల దణ్ణాలు. "బాహుబలి"లో శివగామి తప్ప నాకేమీ గుర్తులేదు. యుద్ధాలన్నీ ఒకేలా ఉంటాయి.

ఇక "మిథునం" (2012). ఈ పత్రిక చదివేవాళ్ళలో చూడనివాళ్ళు ఉండరనుకుంటాను. శ్రీరమణ గారి కథ, తనికెళ్ళ భరణి గారి దర్శకత్వం. సినిమా మొత్తానికి ఇద్దరే మనుషులు, బాలసుబ్రహ్మణ్యం గారూ లక్ష్మి గారూ. పెరడు, ఆవు, రోలు, పచ్చళ్ళ జాడీలు. పిల్లలు విదేశాల్లో. నా ప్రశ్నలకి ఈ సినిమా చాలావరకు మంచి మార్కులే తెచ్చుకుంటుంది. అప్పదాసు తిండిపోతే గానీ కూర్చుని తినే రకం కాదు. తోటపని చేస్తాడు, చెప్పులు కుట్టుకుంటాడు, వంటలోకీ చెయ్యి పెడతాడు. ఆ అల్లం దంచడం, ఆ కవ్వం చప్పుడు వింటుంటే నాకు మా అమ్మమ్మ ఇల్లే.

అయితే చివర ఉంది చూడండి. ఆయన ముందు పోతాడు. ఆవిడ ఏమనుకుంటుందంటే, ఈయన్ని వదిలేసి నేను ముందు పోతే ఈయనకెవరు చేసిపెడతారు, అందుకే ఆయన్నే ముందు తీసుకుపొమ్మని దేవుణ్ణి కోరుకున్నాను అని. ముత్తయిదువగా పోవాలని నోములు నోచే దేశంలో, ఒక ఆడది మొగుడి ఆకలి కోసం వైధవ్యం కోరుకుంది. హాల్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు, అప్పటికి మామయ్యగారు పోయి మూడేళ్ళయింది, కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి "నేనూ అదే కోరుకున్నానే" అన్నారు. కత్తిపీట ఆపలేదు, తలెత్తలేదు. "ఆయనకి చారు కూడా కలుపుకోవడం రాదు కదా" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆ తరం ప్రేమకి దణ్ణం పెట్టాలో, చారు కలుపుకోవడం నేర్పించని ఆ పెంపకం మీద కోపం తెచ్చుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు. సినిమా ఆ ప్రశ్న వరకూ తీసుకొచ్చి వదిలేసింది. అందుకే నాకు అది గొప్ప సినిమా.

విదేశాల్లో పిల్లలు అంటే "శతమానం భవతి" (2017) చెప్పుకోవాలి. కథ జరిగేది మా ఆత్రేయపురంలోనే. కొబ్బరి తోటలు, కాలవగట్లు, సంక్రాంతి, చూస్తుంటే మన పెరడు మనకే కొత్తగా కనపడుతుంది. దానికీ జాతీయ అవార్డు వచ్చింది. పిల్లలు పండక్కి రావట్లేదని, మీ అమ్మా నేనూ విడిపోతున్నాం అని తండ్రి కబురు పంపుతాడు. అది విని అందరూ పరుగెత్తుకొస్తారు. ప్రకాష్‌రాజ్, జయసుధ ఇద్దరూ బాగా చేశారు. నాకు నచ్చనిది ఒకటే, ఆ ఎత్తు వెయ్యడానికి ముందు ఆవిణ్ణి అడగలేదు. ఇద్దరి కాపురాన్నీ ఎరగా వేసింది ఒక్కరే. మా వైపు ఇళ్ళలో చాలావాటికి ఇప్పుడు అదే పరిస్థితి, పెద్దవాళ్ళిద్దరూ, సెల్లుఫోనూ. ఊళ్ళో సంక్రాంతి ప్రభలు కట్టేటప్పుడు పిల్లలకి వీడియోలో చూపిస్తూ నిలబడే తల్లుల్ని నేను ఏటా చూస్తున్నాను. అందుకని ఆ సినిమా మీద నాకు చిరాకున్నా, టీవీలో వస్తే మార్చను.

ఆత్రేయపురం అనగానే మీకందరికీ పూతరేకులు గుర్తొస్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బోర్లించిన కుండ కింద మంట, ఆ సెగలో పొద్దస్తమానం కూర్చుని గుడ్డతో రేకు తీసే ఆడవాళ్ళ కథ మీద ఎవరైనా సినిమా తీస్తే మొదటి ఆట మొదటి టిక్కెట్టు నాదే.

ఇదంతా చెప్పి అసలు సినిమా చివరికి ఉంచాను. తెలుగుది కాదు, మలయాళం. "ది గ్రేట్ ఇండియన్ కిచెన్", 2021లో నేరుగా ఇంటర్నెట్‌లోనే విడుదలైంది. దర్శకుడు జియో బేబి, కొత్త కోడలిగా నిమిషా సజయన్. మా అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు టీవీకి తగిలించి చూపించింది. నాకు మలయాళం ఒక్క ముక్క రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివేలోపు పోతాయి. అయినా ఒక్క సీను అర్థం కాకుండా పోలేదు. మన కోనసీమని ఆంధ్రా కేరళ అంటారు గదా. అదే కొబ్బరి కోరు, అదే పొయ్యి, అదే జిడ్డు.

అందులో మామగారు చెడ్డవాడు కాదండీ, గొంతు పెంచడు. అన్నం మాత్రం కుక్కర్లో వద్దు, కట్టెల పొయ్యి మీద వండమంటాడు. పచ్చడి రోట్లో నూరాలి. బట్టలు మెషిన్లో వేస్తే పాడైపోతాయి. పొద్దున్నే బ్రష్షు చేతికివ్వాలి. మొగుడు మంచి ఉద్యోగస్తుడు. తిన్నాక నమిలి పారేసినవన్నీ టేబుల్ మీదే, కంచం చుట్టూ. వాళ్ళు లేచాక ఆ ఎంగిలి మధ్యనే ఆడవాళ్ళు కూర్చుని తినాలి. సింకు కింద గొట్టం కారుతుంటుంది. ప్లంబరుని పిలవండి పిలవండి అని ఆ పిల్ల ఎన్నిసార్లు అడుగుతుందో! "ఊఁ" అంటాడు, మర్చిపోతాడు. సినిమా పొడుగునా వండటం, వడ్డించడం, తుడవడం, తోమడం. అబ్బ, ఇంకా ఎంతసేపు అని మనకే విసుగొస్తుంది. రెండు గంటలు చూడటానికే విసుగొచ్చింది కదా, మరి చేసేవాళ్ళకో?

చివరికి ఆ మురికినీళ్ళు వాళ్ళ మీద కొట్టి ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. మావారికి అది నచ్చలేదు. "నోటితో చెప్పొచ్చు గదా, నీళ్ళు కొట్టడం ఏవిటి?" అన్నారు. అడిగింది వినపడలేదా నాన్నా అని మా అమ్మాయి అంది. నేను లేవలేదు. ఆ రోజు కాఫీ ఆయనే పెట్టుకున్నారు, పంచదార రెండింతలు పడింది, మాట్లాడకుండా తాగేశారు. అత్తయ్యగారు మాత్రం "ఆ గొట్టానికి ఒక గుడ్డ చుట్టుకోవచ్చుగా పిచ్చిపిల్ల" అన్నారు. మళ్ళీ ఆవిడే కాసేపాగి, "ఎన్ని గుడ్డలు చుడతాంలే" అన్నారు.

నాకు బాగా గుచ్చుకున్నది నీళ్ళు కొట్టిన సీను కాదు, దాని తరవాతది. అతను ఇంకో పెళ్ళి చేసుకుంటాడు. అదే వంటిల్లు, అదే సింకు, కొత్త పిల్ల నవ్వుతూ గిన్నెలు తోముతుంటుంది.

ఈ మధ్య మా అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. మంచి కుటుంబం, కొబ్బరి తోటలు, అబ్బాయి బుద్ధిమంతుడు. పెళ్ళికొడుకు తల్లి ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడారు. అన్నీ అయ్యాక, "మా ఇంట్లో వంటమనిషి చేతి కూడు అలవాటు లేదండీ. మా అబ్బాయి సంపాదన చాలు, మీ అమ్మాయి ఉద్యోగం మానేస్తే హాయిగా ఉంటుంది" అన్నారు. హాయి ఎవరికో చెప్పలేదు. గొంతులో ఎక్కడా కరుకు లేదు, ఆ సినిమాలో మామగారి గొంతే. మావారికి సంబంధం వదులుకోవాలని లేదు. "ఇలాంటివి అందరూ అంటారు, తరవాత సర్దుకుంటాయి" అంటున్నారు. ఇరవై మూడేళ్ళ క్రితం నా డిగ్రీ చదువు గురించి కూడా పెళ్ళిమాటల్లో ఇదే వాక్యం వినపడింది, అందుకని నేను సరే అనలేదు. వాళ్ళకి ఇంకా జవాబు చెప్పలేదు. అమ్మాయి వచ్చే శనివారం వస్తుంది, ఆ అబ్బాయితో తనే మాట్లాడుతుందట. అత్తయ్యగారు మాత్రం "చారు కలుపుకోవడం వచ్చో రాదో ముందు కనుక్కోండే" అన్నారు.

వచ్చేవారం దెయ్యం సినిమాల గురించి ఇంకాస్త రాస్తాను. మీకు నిజంగా భయమేసినవి ఏవో ఒక కార్డు ముక్క రాసి పడెయ్యండి. రాత్రిపూట వంటింట్లో ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చేవైతే మరీ మంచిది.